'ఇతరములు' తీసేసిన మనిషి

మా ఆయనకు తలనొప్పి రాదు. అందరు మొగుళ్ళలాగా సోఫాలో వాలి "తల పగిలిపోతోంది, కాస్త కాఫీ పెట్టు" అని ఒక్కనాడూ అనలేదు. "తల ముందుభాగం, ఎడమవైపు, ఓ మోస్తరుగా, పొద్దున్నుంచి" అంటారు. ఆ ముక్కలన్నీ కూడి చివర కాఫీ అని అర్థం చేసుకునే ఓపిక మనకుండాలి. పెళ్ళైన కొత్తలో ఓసారి "ఒంట్లో ఎలాగో ఉందండీ" అన్నాను. ఆయన చదువుతున్న పుస్తకం మూసి, నా వైపు ఎంతో ప్రేమగా చూసి, "ఎలాగో అంటే ఎలా?" అన్నారు. అప్పట్నుంచీ నా ఒంట్లో ఎలాగో ఉండడం మానేసింది. ఉన్నా బయటికి చెప్పదు.

ఆయన్నని ఏం లాభం, ఉద్యోగం అలాంటిది. పెద్దాస్పత్రిలో రికార్డులన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించినప్పటి నుంచి ఆయన పదాల విభాగానికి అధికారి. అక్కడ అందరూ 'పదాల సారు' అంటారు, ఎదురుగా గౌరవంగా, వెనక ఇంకోలా. నాకర్థమైనంతవరకు ఆయన పని ఇది. ఒకే కడుపుమంటను ఒక డాక్టరు గ్యాస్ అని రాస్తాడు, ఇంకొకాయన ఎసిడిటీ అంటాడు, మూడో ఆవిడ ఆత్రంలో ఓ వంకర గీత గీసి వదిలేస్తుంది. కంప్యూటరుకి అవి మూడు జబ్బులు. అందుకని ప్రతి జబ్బుకీ ఒక ఖాయమైన పేరు, ఆ పేరుకో నంబరు పెట్టి పట్టిక చేస్తారు. పట్టికలో ఉన్న పేరే నొక్కాలి, సొంత కవిత్వం కుదరదు. అప్పుడు ఇక్కడ ఎక్కించింది ఏ ఊరి ఆస్పత్రిలో తెరిచినా అదే అర్థంతో తెరుచుకుంటుంది.

ఇందులో మంచి లేదనను. ఒకసారి ఎక్కడో దూరాన రైల్లో స్పృహ తప్పిన ఓ మాస్టారిని ముక్కూమొహం తెలియని ఆస్పత్రిలో చేర్చారు. ఆయనకు పడని మందేమిటో అక్కడి తెర మీద ఎర్రక్షరాలతో కనబడింది, ఇక్కడి పట్టిక పుణ్యాన. గుచ్చబోయిన సూది ఆగింది. ఆ కబురు తెలిసిన రోజు మా ఆయన భోజనానికి రాకుండా వరండాలో అటూ ఇటూ తిరిగారు. తన సంతోషానికి ఏ పేరు పెట్టాలో ఆయనకు తోచినట్టు లేదు.

గొడవంతా 'ఇతరములు' దగ్గర వచ్చింది. మొదట్లో ప్రతి పట్టిక చివరా ఆ పేరుతో ఓ ఖాళీ గడి ఉండేది. పైనున్నవాటిలో ఏదీ కుదరకపోతే సొంత మాటల్లో రాసుకోవచ్చు. మన జనానికి అంత చనువిస్తే ఇంకేం కావాలి? పైనున్న వందల పేర్లు చదివే ఓపిక లేక అందరూ తిన్నగా కిందికే దిగారు. "మామూలే." "నిన్నటిదే." "ఊరికే వచ్చాడు." "ఈవిడకు జబ్బేం లేదు, ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు." ఇవన్నీ మా ఆయన ఇంటికొచ్చి చదివి వినిపిస్తుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. చివరికి పైవాళ్ళతో పోట్లాడి ఆ గడిని ఆస్పత్రి మొత్తంలో తీసేయించారు. అందుకు సభ పెట్టి గాజు జ్ఞాపిక ఇచ్చారు. ఏదైనా పెట్టినందుకు బహుమతులివ్వడం చూశాను గాని, తీసేసినందుకు ఇవ్వడం చూడటం అదే మొదలు. అది హాల్లో ఉంది. దుమ్ము తుడిచేది నేనే.

ఇక మా వదిన సంగతి. మా ఆయన అక్క. సిటీ బస్సు నడుపుతుంది. ఒంటరి మనిషి, మా వీధి చివరే ఉంటుంది. డిపోలో ఆవిడ పేరు 'స్టీరింగక్క'. ఆవిడ మలుపు తిప్పుతుంటే నిలబడ్డవాళ్ళు కమ్మీ వదిలేసి జేబులో చిల్లర వెతుక్కోగలరు. అంత పెద్ద బండిని అలవోకగా తిప్పే మనిషికి ఈ లోకంలో ఒక్కటే భయం. సూది.

డ్రైవర్లకు ఏటా చేసే పరీక్షలుంటాయి. ఏమీ తినకుండా రమ్మన్నారని వదిన ఖాళీ కడుపుతో పెద్దాస్పత్రికి వెళ్ళింది, తోడు నేను వెళ్ళాను. నర్సు సూది గుచ్చింది. గొట్టంలోకి రక్తం రావడం మొదలైందో లేదో, వదిన దానికేసి ఒక్కసారి చూసి కుర్చీలోంచి జారిపోయింది. రెండు చేతులూ టపటపా కొట్టుకున్నాయి. మేం నీళ్ళు చల్లేలోపే కళ్ళు తెరిచి, "ఏ స్టాపు?" అంది. నర్సూ నేనూ నవ్వాపుకోలేకపోయాం. వదిన కూడా నవ్వింది. బిస్కెట్లు తిని, లేచి, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళిపోయింది.

నర్సు జరిగింది ఎక్కించడానికి కంప్యూటరు ముందు కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను. 'స్పృహ తప్పుట' నొక్కింది. తెర ఓ ప్రశ్న వేసింది, చేతులు కాళ్ళు కొట్టుకున్నాయా అని. కొట్టుకున్నాయి గనక ఆవిడ 'అవును' నొక్కింది. వెంటనే మొదటి పేరు బూడిదరంగులోకి మారిపోయి, దాని కింద 'ఫిట్స్' అనే పేరొక్కటే వెలిగింది.

"ఇదేంటి, ఇది కాదే" అనుకుంటూ నర్సు పైకీ కిందికీ వెతికింది. "ఇదివరకు ఇక్కడ మనం రాసుకునే గడి ఒకటుండేదండీ. ఎవడో మహానుభావుడు తీసేశాడు" అంది నాతో.

నేను గోడ మీదున్న 'చేతులు కడుక్కునే విధానం' బొమ్మను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

వెనక వరస పెరుగుతోంది. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో గొణుగుతున్నారు. నర్సు నిట్టూర్చి, వెలుగుతున్నదాన్నే నొక్కేసింది.

కొన్ని వారాలకు డిపో మేనేజరు వదినను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడట. "ఎప్పుడూ నిలబెట్టి తిట్టేవాడు. కూర్చోమన్నాడంటేనే నాకర్థమైపోయింది" అంది వదిన ఆ సాయంత్రం మా వంటింట్లో. లైసెన్సుల ఆఫీసు కంప్యూటరు ఆస్పత్రి కంప్యూటరుని అడిగింది. అది ఓ నంబరు చెప్పింది. ఆ నంబరున్నవాళ్ళు బస్సు తోలకూడదు. తిడదామన్నా మధ్యలో మనిషన్నవాడు లేడు.

"దీనికింత కంగారెందుకక్కా?" అన్నారు మా ఆయన. "నరాల డాక్టరు చూసి కాదంటే పోయేదానికి."

నరాల డాక్టరు చూశాడు. తలకు తీగలు తగిలించి గీతలు తీశాడు. మంచివాడు, తొందరపడని మనిషి. "మీకు ఫిట్సూ లేవు, ఏమీ లేవు. రక్తం చూసి కళ్ళు తిరిగాయి. అలా పడ్డప్పుడు చేతులు కాస్త కొట్టుకోవడం మామూలే" అన్నాడు. మా ప్రాణం లేచొచ్చింది. ఆయన తెర వైపు తిరిగాడు. అక్కడ మూడే ఉన్నాయి: ఉంది. అదుపులో ఉంది. గతంలో ఉండేది.

"ఎప్పుడూ లేదు అన్నది లేదా డాక్టరుగారూ?" అన్నాను.

"నేనూ అదే వెతుకుతున్నానమ్మా."

"పోనీ, కొట్టేయండి."

"ఇందులో ఏదీ చెరగదు. దాని మీద ఇంకోటి చేరుతుందంతే." ఆయన కాసేపు గడ్డం గోక్కుని, ఉన్నవాటిలో మెత్తనిదని 'గతంలో ఉండేది' నొక్కాడు. గతంలో ఉన్నవాళ్ళు కొన్నేళ్ళు ఆగి అప్పుడు అడగాలని లైసెన్సుల వాళ్ళ కంప్యూటరు మళ్ళీ జవాబిచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, మా వదినకు పక్కన కూడా ఓ గుంట తవ్వినట్టయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన అడిగింది. "ఒరేయ్, నాకు లేదు అని రాయడానికి నీ పట్టికలో చోటెందుకు లేదురా?"

"లేని జబ్బులక్కూడా చోటిస్తే ఇంకేమైనా ఉందా అక్కా? ఒక్కో మనిషికి లేని జబ్బులెన్ని! అది పట్టికా, సముద్రమా?"

"ఆ సముద్రంలో నన్ను దింపి, ఈత రాదని రాసుకున్నావు."

"పట్టిక ఒక్కరి కోసం చేసేది కాదక్కా. లక్షల మంది కోసం."

"ఆ లక్షల మందీ రోజూ నా బస్సే ఎక్కేవాళ్ళు. వాళ్ళను మోయడానికి నాకే పట్టికా అక్కర్లేకపోయింది."

మా ఆయన మంచినీళ్ళు తాగారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు ఆయనకు. నాలుగోది కళ్ళ ముందు గెంతుతున్నా లెక్కలోకి రాదు. వాళ్ళిద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని ఎవరి పళ్ళెంలో ఏం కావాలో చూస్తుండిపోయాను.

వదినను డిపోలో పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. జనం బస్సుల్లో మరిచిపోయినవన్నీ అక్కడికి చేరతాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒక వాకింగ్ కర్ర. కర్ర మరిచిపోయిన మనిషి దిగి ఎలా నడిచాడో ఎవరికీ తెలియదు. గదికి కిటికీ లేదు. గోడ అవతలే బస్సులు తిరిగే ఆవరణ. మధ్యాహ్నాలు నేను భోజనం డబ్బా పట్టుకెళ్ళేదాన్ని. వదిన డబ్బా తెరిచేది కాదు, గోడకు చెవి పెట్టినట్టు ఓ పక్కకు ఒరిగి కూర్చునేది.

"అది నా బండి. విన్నావా? క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోతున్నాడు వెధవ. నెల తిరక్కుండా తగలేస్తాడు."

"వదినా, అన్నం చల్లారిపోతోంది."

"రెండో గేర్లో ఎత్తు ఎక్కిస్తున్నాడు చూడు. దానికి నొప్పి పుట్టదూ?"

గోడకు చెప్పుకోవడం అని మనం మాటవరసకంటాం. ఆవిడ నిజంగా గోడతోనే మాట్లాడేది.

నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నేను అరవను, మా ఇంట్లో అరుపులకు విలువ లేదు. ఓ తెల్లకాగితం మీద 'భోజనంపై అభిప్రాయ పట్టిక' అని రాసి ఫ్రిజ్‌కి అంటించాను. బాగుంది. బాగుంది, ఉప్పు అదుపులో ఉంది. గతంలో బాగుండేది. ఇక ఈ ఇంట్లో కూర గురించి ఈ మూడింటిలో ఒకటే అనాలి, ఇంకో మాట ఒప్పుకోనని మా ఆయనకు చెప్పాను. మనిషి కాస్తయినా ఉడుక్కుంటాడని, ఉడుక్కుంటే ఎక్కడో తగులుతుందని నా ఆశ. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. మొహం వెలిగిపోయింది. జేబులోంచి పెన్ను తీసి వాటికి నంబర్లు వేశారు.

"ఒకటికీ రెండుకీ తేడా స్పష్టంగా లేదు. వివరణ రాయి. మిగతాది బ్రహ్మాండం" అన్నారు.

ఆ వారమంతా భోజనం కాగానే చెయ్యి కడుక్కుంటూ "మూడు" అనేవారు. నేను తీసిన గోతిలో ఆయన పడకపోగా అందులో మొక్క నాటుకున్నారు. కాగితం పీకేశాను.

నవ్వులాట అక్కడితో ఆగింది. ఎందుకంటే 'ఫిట్స్' అన్న ఆ మాట డిపోలోనే ఆగలేదు. పన్ను పీకించుకుందామని వెళితే పళ్ళ డాక్టరు తెర చూసి, "ఫిట్స్ ఎప్పుడు వచ్చాయండీ ఆఖరుసారి?" అని అడిగాడు. జలుబు మాత్రకు వెళితే మందుల షాపు కుర్రాడు ఆవిడ ఆస్పత్రి కార్డు నంబరు కొట్టి, తల అడ్డంగా ఊపాడు. ఎక్కడికెళ్ళినా ఆ మాట ఆవిడకంటే ముందే వెళ్ళి కుర్చీలో కూర్చునేది. మొదట్లో వదిన అందరితో వాదించింది. తరవాత నవ్వేసింది. ఆ తరవాత వాదించడమూ మానేసింది, నవ్వడమూ మానేసింది.

ఓ రోజు మా ఇంట్లో స్నానానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"నువ్వు కాసేపు ఇక్కడే ఉంటావా? తలుపు గడియ పెట్టుకోను."

"ఎందుకు వదినా?"

"ఏమో. లోపల పడిపోతే?"

"నువ్వు పడింది సూది చూసి. బాత్రూంలో సూదులెందుకుంటాయి?"

"ఇంతమంది అంటున్నారంటే ఏదో ఉండబట్టే కదే. పడ్డప్పుడు నాకేం తెలుసు, స్పృహలో లేను కదా. మీరు చూసిందే నిజం. మీరు కొట్టుకున్నాయన్నారు."

నేను ఆ గడియ లేని తలుపు ముందు, తువ్వాలు భుజాన వేసుకుని, లోపల నీళ్ళ చప్పుడు వింటూ నిలబడ్డాను. చప్పుడు ఆగినప్పుడల్లా నా గుండె ఆగేది. అప్పటికి ఆ మాట నాక్కూడా ఎక్కిందన్నమాట.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. వ్యంగ్యం లేకుండా చెప్పేసరికి ఆయన భయపడ్డారు. మర్నాడు ఆఫీసు నుంచి హుషారుగా వచ్చారు.

"దారి దొరికింది. సవరణ కమిటీకి దరఖాస్తు పెడదాం. కారణాలు మూడున్నాయి. వేరే రోగి వివరాలు, రెండుసార్లు నమోదు, నమోదు చేసినవారి పొరపాటు. మూడోది మనకు సరిపోతుంది. నర్సు ఒప్పుకుంటే నమోదు మొత్తం రద్దవుతుంది. అక్క లైసెన్సు అక్కకు వచ్చేస్తుంది."

"నర్సు పొరపాటేముంది? నేను పక్కనే ఉన్నాను కదా. చేతులు కొట్టుకున్నాయి, అవునంది."

"కాస్త కదిలితే అవుననకూడదు. వివరణ పుస్తకంలో ఉంది."

"ఎక్కడ?"

"అనుబంధంలో."

"అది ఆవిడ చదివిందా?"

"చదవాలి."

"ఇంకో దారి లేదా?"

ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పారు. "ఉంది. పట్టికే తప్పని విభాగాధికారి చెప్పాలి. అంటే నేను. అప్పుడు 'ఇతరములు' తీసేసిన దగ్గర్నుంచి ఎక్కించినవన్నీ తిరగతోడాలి. వేలకు వేలు. ఇన్నేళ్ళ పని మీద నేనే నీళ్ళు పోసుకోవాలి. పట్టికలో తప్పు లేనప్పుడు ఎలా చెబుతాను?"

ముగ్గురం నర్సు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ రక్తం తీసే గదిలో గొట్టాలకు చీటీలు అంటిస్తోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. వదినను చూసి, "ఏ స్టాపు?" అంది. తరవాత మా ఆయన మెడలో వేలాడే కార్డు చూసి నవ్వు ఆపేసింది. ఆవిడ చెప్పిన 'మహానుభావుడు' ఎవరో ఆవిడకు అప్పుడే తెలిసింది.

మా ఆయన విషయం చెప్పారు. మర్యాదగానే చెప్పారు, 'దయచేసి' అని కూడా అన్నారు. నర్సు వింటూ చీటీలు అంటిస్తూనే ఉంది.

"నాది ఏడాది ఏడాదికీ రాసే ఉద్యోగం సార్. ఇలాంటివి ఇప్పటికే రెండు పడ్డాయి నా మీద. ఇంకోటి పడితే మళ్ళీ రాయరు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే, మిగతావాళ్ళు సలహాలు తెస్తారు." ఆవిడ వదిన వైపు చూసింది. "కానీ ఈవిడ బతుకు ఆగిపోయిందంటున్నారు. నొక్కిన చెయ్యి నాదే కదా. సరే, సంతకం పెడతాను."

"వద్దు" అంది వదిన.

"అక్కా..."

"వద్దన్నాను కదరా." ఆవిడ ఆ గదిలోకి వచ్చాక నోరు తెరవడం అదే మొదలు. కళ్ళు మాత్రం సూదుల డబ్బా వైపు పోకుండా జాగ్రత్త పడుతోంది. "బస్సు గుంతలో పడి స్ప్రింగు విరిగితే డ్రైవరు పేరు రాస్తారు. నా పేరూ రాశారోసారి. గుంత తవ్వినవాడి పేరు ఎక్కడా రాయరు. నా బండి నడవడానికి ఈవిడ బండి ఆపను. పదండి."

బయటికొచ్చాం. ఆస్పత్రి ముందు రోడ్డు పెద్దది, ఎడతెగని రద్దీ. ఆ రోడ్డు మీద వదిన ఇన్నేళ్ళూ రోజూ బస్సు తిప్పింది. ఏ సిగ్నలు ఎంతసేపుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అంచున నిలబడి, ఓ అడుగు వేసి, వెనక్కి తీసుకుంది. తరవాత నా చెయ్యి పట్టుకుంది, చిన్నపిల్ల పట్టుకున్నట్టు, వేళ్ళన్నీ బిగించి. అలాగే దాటాం. అవతలికి చేరాక వెనక్కి చూస్తే మా ఆయన ఇంకా ఆస్పత్రి వైపే నిలబడి మా ఇద్దరి చేతుల వైపే చూస్తున్నారు. రెండుసార్లు సిగ్నలు దారిచ్చినా ఆయన దాటలేదు.

మా ఆయన ముందే పెట్టేసిన దరఖాస్తు మాత్రం ఆగలేదు. కాగితం ఒకసారి కదిలాక కమిటీ కూర్చోవాల్సిందేనట. పొడుగాటి బల్ల, దాని మీద వరసగా నీళ్ళ సీసాలు, ఏసీ చలి. బల్లకు అటువైపు అధ్యక్షుడు పెద్ద డాక్టరుగారు, లాప్‌టాప్ ముందు రికార్డుల అధికారి, వాళ్ళ పక్కన పదాల విభాగం తరఫున మా ఆయన. ఇటువైపు వదిన, ఓ కుర్చీ వదిలి నర్సు. గుమ్మం దగ్గర నన్ను ఆపి, రోగి తరఫా, సిబ్బంది తరఫా అని అడిగారు. రెండూ అన్నాను. రెండూ అన్నది లేదన్నారు. రోగి తరఫు అని వేయించుకుని గోడ వారగా కూర్చున్నాను. మా ఆయన నా వైపు చూడలేదు.

పెద్ద డాక్టరుగారు నరాల డాక్టరు నివేదిక తిరగేశారు. "ఫిట్స్ లేవన్నది స్పష్టంగానే ఉంది. ఇందులో పెద్ద చిక్కేం లేదు. నమోదు చేసినవారి పొరపాటు. ఏమ్మా, అంతేనా?"

నర్సు తలొంచుకునే ఊపింది. రికార్డుల అధికారి వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఆవిడ పొరపాటు కాదండి" అంది వదిన.

"అమ్మా, ఇది మీకు మేలు చేసేదే."

"తెలుసండి. వద్దు."

"మరి మీ లైసెన్సు సంగతి?"

వదిన బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది. ఎప్పుడు పడిపోతానో అన్నట్టు ఈ మధ్య ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి అలా పట్టుకుంటోంది.

రికార్డుల అధికారి అందరి మొహాలూ చూశాడు. "ఏదో ఒకటి నొక్కాలి సార్. నొక్కకపోతే దరఖాస్తు కొట్టేసినట్టే వస్తుంది. మళ్ళీ పెట్టడానికుండదు."

"అంటే ఇప్పుడున్నదే ఖాయమవుతుంది" అన్నారు పెద్ద డాక్టరుగారు. కళ్ళజోడు తీసి మా ఆయన వైపు తిరిగారు. "పట్టిక మీది. మీరు చెప్పండి, ఇందులో ఏది?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "పట్టిక ప్రకారం చూస్తే..." అని మొదలుపెట్టారు. ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. దాని తరవాత వచ్చే వాక్యం కూడా నాకు కంఠతా వచ్చు. ఆయన అక్కడిదాకా రాలేదు. ఆయన చూపు బల్ల అంచు మీదుంది, అక్క వేళ్ళ దగ్గర. తెల్లబడిన ఆ వేళ్ళ కణుపుల దగ్గర.

ఎవరో సీసా మూత తిప్పబోయి ఆపేశారు.

"ఈ మూడింటిలో ఏదీ కాదండి" అన్నారు మా ఆయన. "నర్సుగారు చూసింది చూసినట్టు చెప్పారు. దాన్ని రాయడానికి చోటు లేకుండా చేసింది నేను. అవునన్నవాళ్ళందరినీ ఒకే వైపు తోసే ప్రశ్న పెట్టింది కూడా నేనే. ఆ గది ముందు ఒక్క పూట నిలబడి చూసినా తెలిసేది. నిలబడలేదు."

"సార్, మీరలా అంటే..." రికార్డుల అధికారి వేలు గాల్లోనే ఉంది. "మొత్తం తిరగతోడాల్సొస్తుంది. అయినా ఇది ఏ కారణం కింద వేయను? జాబితాలో లేదు కదా."

"జాబితాలో లేదని నాకు తెలుసు. తయారుచేసింది నేనేగా. నేనన్నది అన్నట్టు మాటల్లోనే రాసుకోండి. పట్టిక తప్పు. తిరగతోడండి."

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆయన్ని పరకాయించి చూశారు. మా ఆయన ఆయన్ని చూడటం లేదు. లేచి నిలబడి, బల్ల మీదికి వంగారు, అవతలి వైపు వినబడదేమో అన్నట్టు.

"అక్కా, నీకే జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. తప్పు నాది."